మతం, ఆధ్యాత్మికత: రెండు మాటల్లో ఇరుక్కున్న మూడు ప్రశ్నలు

“నాకు మతం లేదు కానీ ఆధ్యాత్మికత ఉంది” అని ఎవరైనా అన్నప్పుడు వింటున్నవాళ్ల ముఖాలు గమనించండి. తన మతాన్ని నిష్ఠగా పాటించే మనిషికి అది బాధ్యత తప్పించుకునే మాటలా వినిపిస్తుంది. నియమాలు వద్దు, ఫలం మాత్రం కావాలన్నట్టు. దేవుణ్ణి నమ్మని మనిషికేమో దొడ్డిదారిలా కనిపిస్తుంది. వీధి గుమ్మంలోంచి సాగనంపిన దేవుణ్ణే పెరటి గుమ్మంలోంచి లోపలికి పిలిచినట్టు. ఆ మాట అన్న మనిషి మాత్రం తన గురించి ఒక నిజం చెప్పుకున్నానని అనుకుంటాడు. ముగ్గురూ వాడుతున్నవి అవే రెండు మాటలు. ఒకరి అర్థం ఇంకొకరిది కాదు.

ఇలా చెప్పుకునేవాళ్లు గుప్పెడుమందేమీ కారు. ప్యూ రిసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2023లో అమెరికాలో జరిపిన సర్వేలో వయోజనుల్లో 22 శాతం మంది ఈ కోవకు చెందారు. సర్వే పత్రంలో ఒక గడిని ఎంచుకోవడం తేలికే. ఆ గడిలో ఏముందో చెప్పడం కష్టం, ఎందుకంటే ఈ రెండు మాటల కింద మూడు వేర్వేరు ప్రశ్నలు దాగి ఉన్నాయి. వాటిని విడదీస్తే విశ్వాసులకూ అవిశ్వాసులకూ మధ్య జరిగే వాదనలో సగం సద్దుమణుగుతుందని నా నమ్మకం. మిగిలిన సగం అసలైన వాదన. అది జరగాల్సిందే.

## మాటల పుట్టుకలోనే ఉన్న చిక్కు

“మతం” అనే మాటకు మూలం సంస్కృతంలోని “మన్” ధాతువు. తలచడం, భావించడం అని అర్థం. తలచినది మతం, అంటే అభిప్రాయం. అభిమతం, సమ్మతం, ఏకమతం వంటి మాటల్లో ఆ పాత అర్థం ఇప్పటికీ బతికే ఉంది. శాస్త్ర గ్రంథాల్లో “ఇది ఫలానా ఆచార్యుల మతం” అంటే ఆయన అభిప్రాయం ఇదీ అని మాత్రమే. ఒక జనసమూహం, వాళ్ల దేవుడు, వాళ్ల గ్రంథం, కర్మకాండ, పుట్టుకతో అంటుకునే గుర్తింపు, ఇవన్నీ కలిపి కట్టిన మూట అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. ఇంగ్లీషు “రిలిజియన్”కు మూలమైన లాటిన్ మాట దగ్గరా తగువు ఉంది. శ్రద్ధగా మళ్లీ మళ్లీ పరిశీలించడం అనే క్రియ నుంచి వచ్చిందని రోమన్ రచయిత సిసెరో అన్నాడు. కట్టి ఉంచడం అనే క్రియ నుంచి వచ్చిందని క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ అన్నాడు. శ్రద్ధా, బంధమా అన్న ఆ ప్రశ్న ఇవాళ్టి చర్చల్లోనూ వేడి తగ్గకుండా ఉంది.

“ఆధ్యాత్మికం” వేరే దారిలో వచ్చింది. అధి, ఆత్మ కలిస్తే అధ్యాత్మం, అంటే తనను ఆశ్రయించుకుని ఉన్నది. భగవద్గీత ఎనిమిదో అధ్యాయం మొదట్లో అర్జునుడు “అధ్యాత్మం అంటే ఏమిటి?” అని సూటిగానే అడుగుతాడు. జవాబూ అంతే సూటిగా వస్తుంది: స్వభావమే అధ్యాత్మం. అయితే తెలుగు వాడుకలో ఈ మాట భక్తి నుంచి ఎన్నడూ పూర్తిగా విడిపోలేదు. రాగిరేకుల మీద అన్నమయ్య సంకీర్తనలను అధ్యాత్మం, శృంగారం అని రెండు తరగతులుగా విభజించారు. రెండింటిలోనూ ఉన్నది ఒకే దేవుడు. కాబట్టి ఆధ్యాత్మికత అనగానే మన చెవికి పూజ వినిపించడం సహజం. “స్పిరిచువాలిటీ”కి మూలమైన లాటిన్ మాటకు మాత్రం మొదటి అర్థం ఊపిరి.

“నాస్తికుడు” అన్న మాట కూడా అనుకున్నంత సాదా మాట కాదు. పాణిని సూత్రం ప్రకారం “ఉంది” అనే మతి గలవాడు ఆస్తికుడు, “లేదు” అనే మతి గలవాడు నాస్తికుడు. ఏది ఉందని? వ్యాఖ్యాతలు పరలోకం అన్నారు. మనుస్మృతి వేదాన్ని నిందించేవాణ్ణి నాస్తికుడంది. మనుస్మృతి లెక్కన, వేదాన్ని ప్రమాణంగా తీసుకుని సృష్టికర్తను మాత్రం ఒప్పుకోని మీమాంసకుడు ఆస్తికుడే, కర్మఫలాన్నీ పునర్జన్మనూ నమ్మే బౌద్ధుడు నాస్తికుడు. ఇవాళ దేవుడి ఉనికిని కాదనేవాళ్లందరికీ మనం వాడే ఈ మాట, పుట్టినప్పుడు దేవుడి గురించే కాదన్నమాట.

## విడదీయాల్సిన మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఏది నిజమని నమ్ముతున్నావు? దేవుడు, ఆత్మ, మరణం తర్వాత మిగిలేది, ఇవన్నీ ఇక్కడికి వస్తాయి. రెండోది: ఎవరితో కలిసి, ఏ పద్ధతిలో నడుస్తున్నావు? సమూహం, క్రతువు, గ్రంథం, గురువు, నియమం, పండుగ దీని కిందివి. మూడోది: నీ లోపల ఏం జరుగుతోంది? విస్మయం, నిశ్శబ్దం, పశ్చాత్తాపం, “నేను” అన్న పట్టు సడలిన క్షణాలు, బతుకుకు అర్థం వెతుక్కోవడం దీని పరిధి.

ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1912లో మతాన్ని రెండో ప్రశ్న వైపు నుంచి నిర్వచించాడు. పవిత్రమని వేరుచేసిన వాటి చుట్టూ అల్లుకున్న నమ్మకాలు, ఆచరణలు, వాటిని పాటించేవాళ్లను ఒక నైతిక సమూహంగా కలిపే వ్యవస్థ మతం అన్నాడు. ఆ నిర్వచనంలో దేవుడి పేరే లేదు. పదేళ్ల ముందు, 1902లో, అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ తన పరిశీలన కోసం మూడో ప్రశ్నను ఎంచుకున్నాడు. మనుషులు తమ ఏకాంతంలో, తాము దైవంగా భావించేదాని ముందు నిలబడినప్పుడు కలిగే అనుభూతులు, చేసే పనులు, పొందే అనుభవాలు ఆయనకు ముఖ్యం. గమనించారా? జేమ్స్ దాన్ని కూడా మతమనే పిలిచాడు. ఇవాళ చాలామంది ఆధ్యాత్మికత అనేది దాన్నే.

ఒక మనిషికి ఈ మూడింటిలో మూడూ ఉండవచ్చు, రెండే ఉండవచ్చు, ఒకటే ఉండవచ్చు. అమెరికా, ఫ్రాన్స్ విప్లవాల్లో పాలుపంచుకున్న థామస్ పెయిన్ ఒకే దేవుణ్ణి నమ్మాడు, ఏ చర్చినీ ఒప్పుకోలేదు, నా మనసే నా చర్చి అన్నాడు. మీమాంసకుల దగ్గర క్రతువు సర్వస్వం, సృష్టికర్త లేడు. దేవుణ్ణి నమ్మకపోయినా కుటుంబంతో పాటు ప్రార్థనకు వెళ్లి వరుసలో కూర్చునేవాళ్లు ప్రతి మతంలోనూ ఉన్నారు. రోజూ క్రమం తప్పకుండా ప్రార్థించి, లోపల ఏ కదలికా లేక కుమిలిపోయేవాళ్లూ ఉన్నారు. నమ్మకం గట్టిది, సమూహం తోడుంది, మూడో ప్రశ్న దగ్గరే ఎండిపోయారు. ఈ చివరి రకం వాళ్ల గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ.

## నాలుక పెగలని పండితుడు

వాళ్లలో ఒకాయన తన కథ తానే రాసి పెట్టాడు. 1095లో అల్ గజాలీ బాగ్దాద్‌లోని నిజామియా విద్యాలయంలో ప్రధానాచార్యుడు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఆయన మాటకు తిరుగులేదు. వందలాది విద్యార్థులు ఎదురుగా కూర్చుని ఉండగా ఒకరోజు పాఠం చెబుదామంటే నాలుక కదలలేదు. ఒక్క మాటా బయటికి రాలేదు. తిండి గొంతు దిగడం మానేసింది. వైద్యులు చూసి, ఇది గుండెలో పుట్టిన దిగులు, మందులతో పోయేది కాదన్నారు.

తనకు ఏమైందో గజాలీ ఒక పోలికతో చెప్పాడు. మత్తు అంటే ఏమిటో నిర్వచనం తెలియడం వేరు, మత్తులో ఉండటం వేరు. ఆరోగ్యానికి లక్షణాలు చెప్పగల వైద్యుడు తానే రోగంతో మంచాన పడి ఉండవచ్చు. దేవుడి గురించి తెలుసుకోదగ్గదంతా తనకు తెలుసు, తాను బోధించేది పేరు కోసమేనని కూడా తెలిసిపోయింది. పదవి వదిలేశాడు. పదేళ్లకు పైగా డమాస్కస్, జెరూసలేం, మక్కా తిరిగాడు, ఏకాంతంలో గడిపాడు. 1106 ప్రాంతంలో మళ్లీ నిషాపూర్‌లో బోధనకు వచ్చాడు. మతాన్ని విడిచిపెట్టలేదు. ఐదు పూటల నమాజు మానలేదు. ఆ నమాజు లోపల ఏముండాలో అన్నదాని మీద మిగిలిన జీవితం పెట్టాడు. విశ్వాసుల్లో చాలామంది చెప్పేది ఇదే: ఆధ్యాత్మికత మతానికి పోటీ కాదు, మతం అనే దేహంలో ఊపిరి. దేహం లేకుండా ఊపిరి ఎక్కడ ఉంటుంది?

జిడ్డు కృష్ణమూర్తి ఆ ప్రశ్నను తిరగేశాడు. ఆయన కోసమే 1911లో ఒక సంస్థ పుట్టింది, రాబోయే జగద్గురువు ఆయనేనని చాటింది. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమెన్‌లో, వేలాది సభ్యుల ముందు, ఆ సంస్థను ఆయనే రద్దు చేశాడు. సత్యానికి దారులు వేసి లేవు, ఏ మతమూ ఏ శాఖా అక్కడికి తీసుకుపోలేదు, కాబట్టి దాన్ని సంస్థగా కట్టడం కుదరదన్నాడు. సింహాసనం సిద్ధంగా ఉండగా లేచి వెళ్లిపోయిన మనిషి మాటకు బరువు ఉంటుంది. దాని పక్కనే ఇంకో నిజాన్నీ పెట్టాలి. ఆయన 1986లో చనిపోయేవరకూ ప్రసంగిస్తూనే ఉన్నాడు. ఆ ప్రసంగాలను కాపాడటానికి ఫౌండేషన్లు, ఆయన ఆలోచనలతో నడవటానికి పాఠశాలలు ఏర్పడ్డాయి. అవి మతసంస్థలు కావు, ఆయనా అలా కానివ్వలేదు. అయినా ఒక మనిషి లోచూపు తర్వాతి తరానికి అందాలంటే ఎవరో ఒకరు గదులు కట్టి, పుస్తకాలు అచ్చువేసి, తలుపులు తెరిచి ఉంచాల్సి వచ్చింది.

మూడో మనిషి ఏ మతానికీ కట్టుబడినవాడు కాదు. 1990 ఫిబ్రవరి 14న వోయేజర్-1 వ్యోమనౌక దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వెనక్కి తిరిగి భూమిని ఫొటో తీసింది. అలా తీయించాలని పట్టుబట్టింది ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్. ఫొటోలో భూమి ఒక నలుసు. కెమెరాలో ఒక్క పిక్సెల్ కూడా నిండలేదు. సూర్యకాంతి చార మీద వేలాడుతున్న ధూళి కణంలా కనిపిస్తుంది, ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే తప్ప కన్ను పట్టుకోలేదు. మనకు తెలిసిన ప్రతి మనిషీ, ప్రతి దేవాలయమూ, ప్రతి యుద్ధమూ దానిమీదే. ఆ చుక్కను చూసినప్పుడు కలిగే వినయాన్ని ఏమని పిలవాలి? 1995లో సేగన్ జవాబు రాశాడు. విజ్ఞానశాస్త్రం ఆధ్యాత్మికతకు విరోధి కాకపోగా దానికి లోతైన ఊట అన్నాడు. ఆ ఇంగ్లీషు మాటకు మూలం ఊపిరి, ఊపిరి అంటే గాలి, గాలి పదార్థమే, కాబట్టి ఈ మాట వాడినంత మాత్రాన పదార్థానికి అతీతమైనదాన్ని ఒప్పుకున్నట్టు కాదని కూడా వివరించాడు.

## కోర్టు మెట్లెక్కిన తేడా

ఇదంతా తీరిక ఉన్నవాళ్ల చర్చ అనిపించవచ్చు. ప్రభుత్వం, జైలు, బడి మధ్యలోకి వచ్చినప్పుడు ఈ తేడా మీద మనుషుల హక్కులు ఆధారపడతాయి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో మొదలైంది. తాగుడు మానడానికి అది చెప్పే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, అయితే “మేము అర్థం చేసుకున్న రీతిలో దేవుడు” అన్న వెసులుబాటుతో. తమది ఆధ్యాత్మిక కార్యక్రమమే కానీ మతం కాదని ఆ సంస్థ మాట. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక జైలు ఈ పద్ధతి ఆధారంగా నడిచే కార్యక్రమానికి హాజరైతేనే కుటుంబంతో కలిసి గడిపే ప్రత్యేక అవకాశం కొనసాగుతుందని షరతు పెట్టింది. దేవుణ్ణి నమ్మని ఒక ఖైదీ ఎదురుతిరిగాడు. 1996లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అతని వైపు నిలిచింది. ప్రార్థన, పైశక్తికి తనను అప్పగించుకోవడం ఉన్న కార్యక్రమాన్ని ఏ పేరుతో పిలిచినా, ప్రభుత్వం దాన్ని ఒక మనిషి మీద రుద్దకూడదంది. స్వచ్ఛందంగా వెళ్లి బాగుపడినవాళ్ల అనుభవాన్ని ఈ తీర్పు కొట్టిపారేయలేదు. బలవంతాన్ని మాత్రమే ఆపింది.

బడుల సంగతి ఇంకా సూక్ష్మం. న్యూజెర్సీ ప్రభుత్వ పాఠశాలల్లో అతీంద్రియ ధ్యానం (ట్రాన్సెండెంటల్ మెడిటేషన్) నేర్పినప్పుడు, విద్యార్థికి మంత్రం ఇచ్చే ముందు జరిగే పూజనూ వాడిన పాఠ్యపుస్తకాన్నీ చూసి, అది మతబోధేనని 1979లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్ బడుల్లో యోగా మీద దావా పడినప్పుడు 2015లో అక్కడి అప్పీలు కోర్టు ఇంకోలా చెప్పింది. ఆ బడుల్లో నేర్పుతున్న తీరులో మతం లేదంది. పద్మాసనాన్ని కూడా ఆ పేరుతో పిలవకుండా పిల్లల ఆటమాటతో పిలిచారు. ధ్యానం, యోగా వాటంతటవే మతమా కాదా అని ఈ కోర్టులు అడగలేదు. ఇక్కడ, ఈ పిల్లలకు, ఈ రూపంలో ఏం చేయిస్తున్నారని అడిగాయి. నా దృష్టిలో అదే సరైన ప్రశ్న.

భారత సుప్రీంకోర్టు ముందుకు ఇదే చిక్కు, అరవిందుల ఆలోచనలతో పుదుచ్చేరి దగ్గర వెలసిన ఆరోవిల్ రూపంలో వచ్చింది. ఆ నగరి నిర్వహణను కేంద్రం 1980 చట్టంతో తన చేతుల్లోకి తీసుకుంది. అరవిందుల బోధన ఒక మతమనీ, మతశాఖలకు రాజ్యాంగం ఇచ్చే రక్షణ తమకు వర్తిస్తుందనీ శ్రీ అరవిందో సొసైటీ పక్షం వాదించింది. 1982 నవంబరులో మెజారిటీ న్యాయమూర్తులు కాదన్నారు. అరవిందులే తాను మతం స్థాపించడం లేదని చెప్పారు కదా, ఇది తత్వశాస్త్రం, మతం కాదన్నారు. తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి చట్టం చెల్లుతుందని ఒప్పుకుంటూనే ఈ ఒక్క విషయంలో విభేదించారు. మతం అన్న మాటకు రాజ్యాంగంలో విశాలమైన అర్థం ఇవ్వాలని, ఆ అర్థంలో ఇదీ మతశాఖ కావచ్చని ఆయన అభిప్రాయం. ఆ విశాలత కొత్తదేమీ కాదు. దేవుణ్ణి నమ్మని బౌద్ధం, జైనం కూడా మతాలేనని 1954లోనే శిరూరు మఠం కేసులో ఇదే న్యాయస్థానం గుర్తుచేసింది.

స్థాపకుడు “మతం కాదు” అన్నంత మాత్రాన కాకుండా పోతుందా? ఆ తీర్పు చదివినప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను వదలదు.

## రెండు ఫిర్యాదులు, రెండింటిలోనూ నిజం

మతాన్ని పాటించేవాళ్ల ఫిర్యాదు ఇది: ఒంటరి ఆధ్యాత్మికతకు అడ్డు చెప్పేవాళ్లు ఉండరు. నచ్చింది ఏరుకోవచ్చు, నచ్చనిది వదిలేయవచ్చు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ బెల్లా, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన అధ్యయనంలో ఒక నర్సు తన మతానికి తన పేరే పెట్టుకుంది, నా లోపలి చిన్న గొంతే నా మతమంది. ఆ మాటలో నిజాయితీ ఉంది. కానీ ఆ గొంతు తప్పు చెప్పిన రోజు సరిదిద్దేదెవరు? సాయంలేని రాత్రి ఇంటికి వచ్చి కూర్చునేదెవరు? పక్కన వచ్చి కూర్చునే మనిషి విలువకు ఆధారం ఉంది. 74 వేలకు పైగా అమెరికన్ మహిళా నర్సులను 16 ఏళ్లు గమనించిన అధ్యయనం 2016లో వెలువడింది. వారానికి ఒకసారికి మించి సామూహిక ప్రార్థనకు వెళ్లేవాళ్లలో, అసలు వెళ్లనివాళ్లతో పోలిస్తే, ఆ కాలంలో మరణాల రేటు 33 శాతం తక్కువగా కనిపించింది. ఇది దేవుడి ఉనికికి రుజువు కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా వెళ్లగలుగుతారన్న అభ్యంతరమూ న్యాయమైనదే, పరిశోధకులు దాన్ని లెక్కలోకి తీసుకోవడానికి ప్రయత్నించారు. పొగతాగకపోవడం, దిగులు తక్కువగా ఉండటం, మనుషుల అండ వంటివి ఆ తేడాలో కొంత భాగాన్ని వివరించాయి. గజాలీ ఏకాంతం ఎంత లోతైనదైనా, ఆ మహిళలకు దొరికింది పక్కన కూర్చునే మనిషి.

మతానికి వెలుపల ఉన్నవాళ్ల ఫిర్యాదు అంతకన్నా పాతది. సంస్థ ముందు అనుభవాన్ని కాపాడటానికి పుడుతుంది, తర్వాత తనను తాను కాపాడుకోవడానికి బతుకుతుంది. తన అనుభవాన్ని తన మాటల్లో చెప్పినవాళ్లకు ఏ కాలంలోనూ తేలిగ్గా గడవలేదు. సూఫీ అల్ హల్లాజ్‌ను 922లో బాగ్దాద్‌లో చంపారు. తత్వవేత్త స్పినోజాను 1656లో ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం వెలివేసినప్పుడు అతనికి 23 ఏళ్లు. దీనికి విశ్వాసుల దగ్గర మంచి జవాబు ఒకటి ఉంది: అధికారం చెడగొట్టేది మతాన్ని ఒక్కదాన్నే కాదు. ఏ సంస్థకూ చెందని ఆధ్యాత్మిక గురువు దగ్గర ప్రశ్నించే కమిటీ ఉండదు, ఫిర్యాదు చేసే చోటు ఉండదు. ఆ గది తలుపు లోపలినుంచి గడియ పడితే బయటివాళ్లకు వినిపించదు.

అవిశ్వాసుల్లోనూ ఒక ఇంటి తగువు ఉంది. ఒక పక్షం ఈ మాటనే వదిలేయమంటుంది. తెలుగులో ఆ వాదన మరీ పదునుగా వినిపిస్తుంది, ఎందుకంటే ఆత్మ ఆ మాటలోనే కూర్చుని ఉంది. ఆత్మ లేదంటూ ఆధ్యాత్మికుణ్ణి అనుకోవడం ఎలా? విస్మయం, ప్రేమ, ఏకాగ్రత అని విడివిడిగా చెబితే సరిపోదా అంటారు. రెండో పక్షం బౌద్ధాన్ని చూపిస్తుంది. అది అనాత్మవాదం. స్థిరమైన ఆత్మ లేదంటూనే మనసును ఇంత దగ్గరగా పరిశీలించిన సంప్రదాయాలు తక్కువ. మాట సరిగ్గా అతకకపోయినా ఆ పని ఉందనీ, ఆ పనికి ఇంకో మంచి మాట దొరికేదాకా దీన్నే వాడుకోవచ్చనీ వీళ్లంటారు. నాకు రెండో పక్షం మీద మొగ్గు ఉంది. కానీ ఆ మాట వింటే దయ్యాలూ మహిమలూ గుర్తుకొచ్చే మనిషితో మాట్లాడుతున్నప్పుడు మొదటి పక్షం చెప్పినట్టు విడి మాటలే వాడతాను.

## ఒక ఆసుపత్రి గది, ఒక పుస్తకం

చివరి ఉదాహరణ ఒక స్నేహితుడిది. చదువుకునే రోజుల నుంచీ దేవుణ్ణి నమ్మడు, ఆ మాట దాచుకోడు. వాళ్లమ్మగారు ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు ఆమెకు కళ్లు ఆనక, తాను రోజూ చదువుకునే ప్రార్థన పుస్తకం అతని చేతికిచ్చి “చదవరా నాన్నా” అన్నారట. పుస్తకం అట్ట ఊడిపోయి ఉంది. కొన్ని పేజీల అంచులు వేలి తడికి నల్లబడ్డాయి. అతను చదివాడు. పదకొండు రాత్రులు, రాత్రికి రెండుసార్లు. అక్షరం తప్పితే ఆమె కళ్లు మూసుకునే సరిదిద్దేవారు.

నెలల తర్వాత నన్ను అడిగాడు. “నేను చేసింది అబద్ధమా?”

మూడు ప్రశ్నలుగా విడదీసి చూద్దామన్నాను. నమ్మావా? లేదన్నాడు. ఆ మాటలు నిజమని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఎవరితో కలిసి నడిచావు? అమ్మతో, ఆమె ద్వారా ఆ పుస్తకం చదివిన వాళ్లందరితో, తనకు తెలియకుండానే. మరి లోపల? దీనికి చాలాసేపు మాట్లాడలేదు. ఏడో రాత్రి అనుకుంటా, చదువుతూ చదువుతూ తన గొంతు తనకు వినిపించడం మానేసిందన్నాడు. గదిలో ఆమె ఊపిరి ఒక్కటే ఉందట, దాని వేగానికి తగ్గట్టు తను చదువుతున్నాడట. దాన్ని ఏమంటారో తనకు తెలియదన్నాడు, ఏదో ఒక పేరు పెట్టమని నన్నూ అడగలేదు.

ఆ పుస్తకానికి ఈమధ్య కొత్త అట్ట వేయించాడు. నల్లబడ్డ అంచులను మాత్రం కత్తిరించనివ్వలేదట.